వాలిన గోడకు వంద సలహాలు

పాత ఇంటి గోడ ముందు తాపీ పట్టుకుని ఒక్క పూట నిలబడి చూడండి. అంతవరకూ ఎక్కడున్నారో తెలియని నిపుణులందరూ పుట్టుకొస్తారు. ఎదురింటాయన నోట్లో బ్రష్షుతోనే గుమ్మం దాకా వచ్చేస్తాడు. మేడ మీద బట్టలు ఆరేసే ఆవిడ అక్కణ్నుంచే ఒక మాట విసురుతుంది. వీళ్లలో జన్మలో ఒక్కసారైనా మాలు ముట్టినవాళ్లు ఉండరు. మాలంటే సున్నమో సిమెంటో ఇసుకతో కలిపిన ముద్ద, దానితోనే గోడకు పూత వేస్తాం. ఆ సంగతి కూడా తెలియనివాళ్లు దాన్ని ఎలా వేయాలో నాకు నేర్పారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

నేను పద్దెనిమిదేళ్లు మాలు కలిపాను, తట్టలో ఎత్తుకుని మోశాను. మా ఆయన లారీ నడుపుతాడు. ఆయన అన్నగారు, అంటే మా బావగారు, తాపీమేస్త్రి. ఆయన బల్ల మీద నిలబడి "మాలూ!" అని కేకేస్తే కింద నుంచి అందించే మనిషిని నేను. ఆయన పూసిన గోడలు పదిహేనేళ్లయినా బీటలు వారవని పేరు. ఆ పేరు వినబడినప్పుడల్లా బావగారు మీసం సవరించుకుంటాడు. నేను తట్ట సవరించుకుంటాను. ఆయన పైనుంచి "ఒకటికి నాలుగు కలుపు" అంటాడు. నేను సరేనని, గోడ ఎలా ఉందో, ఇసుక ఎలా ఉందో చూసుకుని నా లెక్కన కలుపుతాను. చెప్పినట్టు కలిపితే ఆ గోడల్లో సగం ఎప్పుడో నేల మీద ఉండేవి. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇంటి పెద్దవాడు కదా.

ఈ ఏడు మొదట్లో ఒకరోజు ఆయనతో, "బావగారూ, నాకూ తాపీ ఇవ్వండి. మేస్త్రి పని చేస్తాను" అన్నాను. ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారా అని చూశాడు.

"ఆడవాళ్లు మేస్త్రీలేంటమ్మా? ఎక్కడైనా విన్నావా?"

"వినలేదు. అందుకే అడుగుతున్నా."

నెల రోజులు నసపెట్టాను. చివరికి ఆయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. బావగారు నవ్వుతూ ఒప్పుకున్నాడంటే అందులో ఏదో తిరకాసు ఉన్నట్టే. తిరకాసు గోడ రూపంలో ఉంది. కొలతలాయన అని ఒకాయన ఉన్నాడు, ఆయన ఇంట్లో హాలుకీ పడగ్గదికీ మధ్య ఉన్న గోడ అది. ముగ్గురు మేస్త్రీలు దాన్ని చూసి, రేపు వస్తామని చెప్పి, ఇంతవరకూ రాలేదు.

మా మేస్త్రీల్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా తాపీ పట్టినవాళ్ల మొదటి గోడను, పూత ఆరాక, పెద్దమేస్త్రి తాపీ పిడితో అంగుళం అంగుళం తట్టి చూస్తాడు. గట్టిగా పలికితే ముందుకు పోతాడు. డొల్లగా పలికితే లోపల పూత గోడను వదిలేసిందని అర్థం, అక్కడ సుద్దముక్కతో సున్నా చుడతాడు. మూడు సున్నాలు దాటితే ఆ మనిషి మేస్త్రి కాలేదన్నమాట. మగవాళ్లకైతే ఇంకో గోడ ఇస్తారు, అదీ పోతే మరో గోడ ఇస్తారు. మా బావగారికి ఎన్నో గోడకు గట్టి పలుకు వచ్చిందో ఆయన ఎప్పుడూ చెప్పడు.

"నీకు మాత్రం ఒక్కటే గోడ" అన్నాడు నాతో. "మూడు సున్నాలు దాటాయా, మళ్లీ తాపీ మాట ఎత్తకూడదు. తట్ట పట్టుకుని నోరు మూసుకుని వచ్చేయాలి. సరేనా?"

సరేనన్నాను. నాకు నలభై దాటింది. ఇప్పుడు కాకపోతే తలమీద తట్టతోనే ముసలిదాన్నవుతాను.

పని మొదలయ్యే రోజు బావగారు నన్ను గోడ ముందు నిలబెట్టి గంటసేపు హితబోధ చేశాడు. "పాత గోడకు తొందర పనికిరాదు. ముందు అంతా తట్టి చూడు, డొల్ల పలికిన పాత పూతంతా రాల్చేయ్. దుమ్ము దులుపు. రెండు రోజులు నీళ్లు పట్టు, దాహంతో ఉన్న గోడ నీ మాల్లో తడంతా తాగేస్తుంది. సున్నంతో కట్టిన గోడకు సున్నమే వేయి. అరంగుళం మించి ఒక్కసారిగా మందం ఎత్తకు." అన్నీ మంచి మాటలే. పద్దెనిమిదేళ్లలో వీటిలో ఒక్కటీ ఆయన చేయగా నేను చూడలేదు. దుమ్ము దులిపిందీ నేనే, నీళ్లు పట్టిందీ నేనే. అయినా కొత్తగా విన్నట్టు తల ఊపాను.

ఇక ఇంటి యజమాని సంగతి. ఆయన తూనికలు, కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దుకాణాలన్నీ తిరిగి దొంగ తక్కెళ్లు పట్టుకున్నాడు. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఏమీ దొరక్క ఇంట్లోవాళ్లను పట్టుకున్నాడు. అమ్మగారు గ్లాసులో పాలు పోస్తే వంగి గీత చూస్తాడు. వీధిలో అందరూ ఆయన్ను కొలతలాయన అనే అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, అది బిరుదని కూడా ఆయన నమ్మకం.

నేను దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసి చూశాను. గోడ పైభాగం నాలుగు వేళ్లు గదిలోకి వాలి ఉంది.

"చూశావా?" అన్నాడు కొలతలాయన వెనక నుంచి. ఆయన చేతిలో సొంత రసమట్టం ఉంది, మధ్యలో గాజుగొట్టం, అందులో నీటి బుడగ. "నాలుగు వేళ్లు తేడా! నా ఇంట్లో! పూత అయ్యేసరికి బుడగ సరిగ్గా మధ్యలో ఉండాలి. వెంట్రుకవాసి అటూఇటూ అయినా ఒప్పుకోను."

"అయ్యగారూ, గోడ తిన్నగా రావాలంటే అడుగున నాలుగు వేళ్ల మందం ఎత్తాలి. పాత గోడ మోయదండీ."

"మోయించాలి. పనితనమంటే అదే."

ఈలోగా ఎదురింటాయన వచ్చాడు. ఆయనకు ఫోనులో వీడియోలు చూడటం ఒక్కటే పని. "సిమెంటు ఎక్కువ కొట్టమ్మా, రాయిలా పట్టేస్తుంది. నిన్ననే ఒక వీడియోలో చూశాను. అతను ఇలా విసిరితే అలా అతుక్కుపోయింది" అని చెయ్యి విసిరి చూపించాడు. చేతిలో ఉన్న టీ కొలతలాయన చొక్కా మీద పడింది. అది మాత్రం బాగానే అతుక్కుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టయింది నా పని. మందం ఎత్తితే డొల్ల పడుతుంది, బావగారి సుద్దకు దొరికిపోతాను. ఎత్తకపోతే కొలతలాయన రెండో రోజే బావగారికి కబురు పెట్టి, ఈవిడకు పని రాదని చెప్తాడు. నా తలకు తెలుసు ఏది తప్పో. కానీ అన్నేళ్లు పైనుంచి కేకలు విని పనిచేసిన మనిషిని. మాలు కలిపేటప్పుడు చాటుగా నా లెక్క నడిచేది గానీ, ఎవరైనా ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే నా చేతులు వాటంతటవే కదులుతాయి. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను కొలతలాయన చెప్పినట్టే చేశాను. ఎదురింటాయన చెప్పినట్టు సిమెంటు కూడా దండిగానే వేశాను. ఒక్క రోజులో అడుగున నాలుగు వేళ్లు ఎత్తాను. సాయంత్రానికి బుడగ వచ్చి మధ్యలో కూర్చుంది. కొలతలాయన ఆ బుడగను అమ్మగారికి, ఎదురింటాయనకు, కరెంటు రీడింగు తీయడానికి వచ్చినతనికి చూపించాడు.

తెల్లారేసరికి పూతంతా ఒక్క పలకగా ఊడి, అమ్మగారి కుట్టుమిషను మీద పడింది. పాత గోడలోంచి తట్టెడు మట్టి కూడా పట్టుకొచ్చింది.

నేను వెళ్లేసరికి అందరూ అక్కడే ఉన్నారు. ఎదురింటాయన ఫోనుతో వీడియో తీస్తున్నాడు. నిన్న సిమెంటు ఎక్కువ వేయమన్న మనిషే, "సిమెంటు ఎక్కువైందమ్మా, అదీ అసలు తప్పు" అన్నాడు. నాకు తాపీ ఎత్తి ఆయన మూతి మీద కాస్త మాలు పూయాలనిపించింది. కబురు తెలిసి బావగారు కూడా వచ్చాడు. కుట్టుమిషను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అరంగుళం మించొద్దని చెప్పానా లేదా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "సరేలే, ఇంకా తట్టి చూసే రోజు రాలేదుగా. కానియ్" అని చిరునవ్వుతో వెళ్లిపోయాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నేనూ ఆ రోజు గోడ పడినందుకు ఏడవలేదు.

బావగారు నాకు మాలు అందించడానికి ఒక కూలీని ఇచ్చాడు. అతను మొదటి రోజు నుంచీ తట్టను నా చేతికివ్వకుండా రెండు గజాల దూరంలో నేల మీద పెట్టేవాడు. ఎవరూ చూడనప్పుడు కాలితో కాస్త ముందుకు నెట్టేవాడు. ఆడమనిషికి మాలు అందించాడని తెలిస్తే నలుగురూ నవ్వుతారట. గోడ పడ్డాక అతను కూడా చేతులు కడుక్కుని బావగారి వెనకే వెళ్లిపోయాడు.

ఇల్లంతా ఖాళీ అయ్యాక నాకు ఒళ్లు మండుకొచ్చింది. అందరి మీదా, అందరికన్నా ఎక్కువ నా మీద. కొలతలాయన కుర్చీలో బిక్కముఖంతో కూర్చుని ఉన్నాడు.

"అయ్యగారూ, మీ రసమట్టం ఇలా ఇవ్వండి" అన్నాను.

తీసుకెళ్లి కిటికీ చట్రం మీద పెట్టాను. బుడగ ఓ మూలకు పోయింది. నేల మీద పెట్టాను, అక్కడా ఆ మూలకే పోయింది. బల్లెక్కి దూలానికి ఆనించాను, బుడగ గొట్టం చివర దాక్కుంది. తలుపు, గడప, అలమర, అన్నింటికీ పెట్టి చూపించాను. ఆ ఇంట్లో బుడగకు నిలువనీడ లేదు.

"చూశారా? ఇల్లంతా ఒక పక్కకు ఒదిగి నిలబడింది. అన్నీ ఒకే తీరుగా వాలాయి కాబట్టే కంటికి తెలియడం లేదు. మధ్యలో ఈ ఒక్క గోడను నిటారుగా నిలబెడితే, రేపటి నుంచి మీ కిటికీ, దూలం, తలుపు అన్నీ వంకరగా కనిపిస్తాయి. గోడ ఎలా ఉందో అలాగే పలచగా పూయాలి. ఇష్టమైతే చెప్పండి, లేదంటే నేను ఇప్పుడే వెళ్లిపోతాను."

అంత గొంతు నాలో ఉందని నాకూ అప్పుడే తెలిసింది. కొలతలాయన రసమట్టం వెనక్కి తీసుకుని, గడప మీద తనే మళ్లీ పెట్టి చూశాడు. "నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నాను" అన్నాడు నీరసంగా. జీవితమంతా ఊళ్లోవాళ్ల తక్కెళ్లకు సీలు వేసి ఇంటికొచ్చి, ఇలాంటి నేల మీద పడుకున్నాడు పాపం.

అమ్మగారు కుట్టుమిషను తుడుచుకుంటూనే అన్నది: "నలభై ఏళ్లుగా నేనూ చెబుతూనే ఉన్నాను. హాల్లో నిమ్మకాయ జారవిడిస్తే వంటింట్లో దొరుకుతుందని. నా మాట ఏనాడు విన్నారు గనక?"

ఆ మాటతో పని తేలిపోయింది. మిగిలింది మాలు కలిపే మనిషి. నేనే కలుపుకుని నేనే పూస్తే, ఒకటి చేసేలోపు ఇంకోటి ఎండిపోతుంది. ఇంకో కూలీ కోసం అడిగితే ఎవరూ రాలేదు. రెండో రోజు కొలతలాయన లుంగీ పైకి కట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చాడు. "తప్పు నాదే కదా. నేను కలుపుతాను. కొలతలు మాత్రం చెప్పు" అన్నాడు.

ఆయన మాలు కలిపిన తీరు చూడాలి. పాత ఆఫీసు ఇత్తడి కొలపాత్ర ఒకటి పెట్టెలోంచి తీశాడు. నానిన సున్నం ఒకటి, జల్లించిన ఇసుక మూడు. ప్రతి పాత్రకూ పైన స్కేలుతో గీసి, ఎక్కువైన నాలుగు రేణువులు వెనక్కి పోసేవాడు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత చూస్తే ఒక తట్టకీ ఇంకో తట్టకీ ఆవగింజంత తేడా లేదు. నీళ్ల దగ్గర మాత్రం కొలత ఒప్పుకోలేదు నేను. "అయ్యగారూ, చేత్తో ముద్ద పట్టి చూడండి. వేళ్లకు అంటుకోకూడదు, విడిపోకూడదు" అని చెప్పాను. ఆయన మోచేతుల దాకా సున్నంతో, చిన్నపిల్లాడిలా ముద్దలు చేసి చూపించేవాడు.

డొల్లగా ఉన్నదంతా రాల్చాను. రెండు రోజులు తడిపాను. మొదటి పూత పలచగా విసిరికొట్టి, మేకుతో గీతలు పెట్టి వదిలేశాను. వారం ఆగి రెండో పూత వేశాను. గోడ ఎటు వాలితే నా చెయ్యీ అటే పోయింది. బల్ల మీద నిలబడి మొదటిసారి "మాలూ!" అని కేకేశాను. కిందనుంచి కొలతలాయన "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు. ఆ కేక ఎంత రుచిగా ఉంటుందో పద్దెనిమిదేళ్లు కింద నిలబడినవాళ్లకే తెలుస్తుంది. అవసరం లేకపోయినా మరో రెండుసార్లు కేకేశాను, దాచడమెందుకు? "అలా కాదు, ఇలా తిప్పండి" అని పైనుంచి ఆయనకు సలహాలు కూడా ఇచ్చాను. బల్లెక్కితే ఎవరికైనా నోరు ఊరుకోదు కాబోలు.

తడి గోనెపట్టాలు కప్పి, పూట పూటకూ నీళ్లు చల్లి కాపాడుకున్నాను. ఇరవయ్యో రోజు బావగారు సుద్దముక్క తీసుకుని వచ్చాడు. నన్ను వదిలి పారిపోయిన కూలీ కూడా వెనకాలే వచ్చాడు. ఎదురింటాయన చెప్పకుండానే వచ్చాడు.

బావగారు ముందు ఒక కన్ను మూసి పక్కనుంచి చూశాడు. "గోడ వాలే ఉంది" అన్నాడు.

"ఇల్లే వాలి ఉందండీ" అన్నాడు కొలతలాయన గర్వంగా. "అన్నీ నేనే కొలిచి చూశాను."

బావగారు తాపీ తిరగేసి పట్టుకుని, కింది మూల నుంచి తట్టడం మొదలుపెట్టాడు. టక్. టక్. నా గుండె కూడా ఆయన తాపీ పిడి కిందే ఉంది. అడుగు వరుస అయింది, ఒక్క సున్నా పడలేదు. మధ్య వరుస అయింది. మట్టి రాలిన చోటుకు వచ్చినప్పుడు ఆగి, చెవి ఆనించి, మూడుసార్లు తట్టాడు. గట్టిగానే పలికింది. బల్లెక్కి పైవరుస కూడా తట్టాడు. దిగి, నమ్మకం లేక, మళ్లీ మొదటినుంచి తట్టుకొచ్చాడు. ఆయన చేతి చెమటకు సుద్దముక్క మెత్తబడింది గానీ గోడ మీద ఒక్క గీత పడలేదు.

నేను కుట్టుమిషను మీద చెయ్యి ఆనించాను. గెలిచాననుకున్నాను.

బావగారు సుద్ద జేబులో పెట్టుకుని, నలుగురికీ వినబడేలా అన్నాడు: "నేను ముందే అనుకున్నా. ఇందులో పూత గొప్పేం లేదు. మాలు గొప్ప. మాలు కుదిరితే గోడ ఎవరు పూసినా నిలబడుతుంది. చూశారా, ఈవిడలా మాలు కలిపేవాళ్లు ఇంకొకరు లేరు. ఇంత మంచి చేతిని తాపీ ఇచ్చి పాడుచేస్తానా? రేపట్నుంచి వచ్చి మాలు దగ్గర నిలబడమ్మా."

పద్దెనిమిదేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి. మెచ్చుకుంటూనే గోతిలో దింపాడు. కూలీ తల ఊపాడు. ఎదురింటాయన కూడా, "అవును, మాల్లోనే ఉంది కిటుకంతా" అన్నాడు. ఒక్క క్షణం, అలవాటు కొద్దీ, సరేనండీ అనబోయాను కూడా.

"బావగారూ" అన్నాను. "ఈ గోడకు మాలు నేను కలపలేదు."

"మరి ఎవరు కలిపారు?"

"నేనండీ" అన్నాడు కొలతలాయన, బడిలో పిల్లాడిలా చెయ్యెత్తి. ఆయన గోళ్లలో ఇంకా సున్నం ఉంది.

బావగారు ఆ చేతుల వంక చూశాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ ఈ జన్మలో మాట్లాడనని నాకు తెలుసు.

"మీరే చెప్పండి, గోడ ఎవరిది? మాలు కలిపినవాళ్లదా, పూసినవాళ్లదా? పూసినవాళ్లదైతే ఈ గోడ నాది. కలిపినవాళ్లదే అంటారా, ఇది అయ్యగారిది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు పద్దెనిమిదేళ్లుగా మీరు పూసిన గోడలన్నీ నావవుతాయి. ఏదో ఒకటి నలుగురి ముందూ చెప్పండి, నాకు ఏదైనా సరే."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. బావగారు గోడ వైపు చూశాడు, కూలీ వైపు చూశాడు. ఊరంతా నిలబడి ఉన్న తన గోడలన్నీ ఆయన కళ్లముందు ఒక్కొక్కటే తిరిగి ఉంటాయి. ఎదురింటాయన మొదటిసారి ఏ సలహా ఇవ్వకుండా ఊరుకున్నాడు.

"పూసినవాళ్లదే" అన్నాడు బావగారు చివరికి, తొందరగా. "గోడెప్పుడూ పూసినవాళ్లదే. ఈ గోడ నీదేలేమ్మా." ఒక్క గోడతో పోయిందని ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు స్పష్టంగా వినబడింది. గుమ్మం దాటుతూ, నా వైపు చూడకుండా, "రేపు ఎనిమిదింటికి రా" అని వెళ్లిపోయాడు.

మా పనిలో కూలీలు ఏడింటికి రావాలి. మాలు కలిపి సిద్ధంగా ఉంచాక, ఎనిమిదింటికి మేస్త్రీలు వస్తారు. అమ్మగారి ముందే నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

మర్నాడు అలవాటు చొప్పున ఏడయ్యేలోపే తయారైపోయాను. చేయడానికి పనేమీ లేక వచ్చి గడప మీద కూర్చున్నాను. మా ఆయన ముఖం కడుక్కుంటూ నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏంటి, ఇంకా పోలేదు? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. మేస్త్రీలు ఎనిమిదింటికి వెళ్తారు" అని చెప్పి, మళ్లీ ఊరికే కూర్చున్నాను.